మూడు షిఫ్టుల చదువు

ఇంటర్ అయ్యాక మొదటిసారి రాసిన ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకు గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. పక్కింటివాళ్లు అడిగితే అమ్మ "వచ్చింది, మంచిగనే వచ్చింది" అని మాట మార్చి చేటలో బియ్యం ఏరడం మొదలుపెట్టేది. ఆ ర్యాంకుకు ఎంబీబీఎస్ సంగతి దేవుడెరుగు, బీడీఎస్ కూడా అందనంత దూరంలో ఉంది. నాకు మాత్రం కావలసింది బీడీఎస్సే. డాక్టరీ రాక పళ్ల మీద పడ్డానని అనుకునేవాళ్లు మా బంధువుల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు జవాబు చెప్పడం నేను ఎప్పుడో మానేశాను.

అసలు సంగతి వేరు. నేను టెన్త్‌లో ఉండగా నాన్నకు దవడ పన్ను నొప్పి వస్తే ఏఎస్ రావు నగర్‌లో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తోడు వెళ్లాను. ఆమె పన్ను తొలిచింది, సిమెంటు నింపింది, నల్ల కాగితం పెట్టి కొరకమంది, ఎత్తు తగిలిన చోట కాస్త అరగదీసింది, మళ్లీ కొరకమంది. నాన్న నోరు తెరుచుకునే ఆమె చేతిలోని పనిముట్లన్నింటినీ కళ్లతో తడిమాడు. బయటికొచ్చాక సగం మొద్దుబారిన నోటితోనే, "సూసినవా బిడ్డా, గీమె ఫిట్టరే! కొలత సూసింది, రాకింది, మల్ల కొలత సూసింది" అన్నాడు. నాన్న నాచారంలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్. ఆయన నోట ఒక మనిషికి అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు. ఆ సాయంత్రమే నాకు ఆ పని కావాలనిపించింది.

"ఒక్క యేడు ఇంట్ల కూసొని సదువు. గీసారి రాకుంటే డిగ్రీల చేరు. ఫికర్ లేదు" అన్నాడు నాన్న. ఆయనకు ఫికర్ లేదు సరే, ఉన్నదంతా నాకే మిగిలింది.

రోజూ వెళ్లే కోచింగ్ కాదు నాది. ఇంట్లో చదువుకుని, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఏఎస్ రావు నగర్‌లోని కోచింగ్ సెంటర్‌కు వెళ్లి గ్రాండ్ టెస్టు రాసి రావడం. వాళ్లు మొదటిరోజే అచ్చు వేసిన ఒక టైంటేబుల్ చేతిలో పెట్టారు. నాలుగింటికి లేవాలి, ధ్యానం చేయాలి, ప్రశాంతమైన గదిలో తూర్పు ముఖంగా కూర్చుని బాటనీ చదవాలి. నాన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, "గిది రాసినోని ఇంట్ల రూములెన్ని ఉన్నయంట?" అని అడిగాడు. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే గది, దాని వెనక వంటిల్లు. ఆ గదికి అప్పటికే ఒక టైంటేబుల్ ఉంది, అది నాన్న ఫ్యాక్టరీది. ఒక వారం మొదటి షిఫ్టు, పొద్దున ఆరింటి నుంచి. మరో వారం రెండో షిఫ్టు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. ఇంకో వారం మూడోది, రాత్రంతా. మూడో షిఫ్టు వారంలో పగలంతా మా గదిలో కిటికీలకు దుప్పట్లు వేలాడేవి, లైటు వెయ్యకూడదు, గిన్నె చప్పుడు కాకూడదు. ఆ చీకట్లో తూర్పెటో పడమరెటో ఎవరికి తెలుసు?

అందుకని నా టైంటేబుల్ నాన్నే గీశాడు. పాత క్యాలెండర్ కాగితాలు నాలుగు వెనక్కి తిప్పి అతికించి, ఫ్యాక్టరీలో షిఫ్టు చార్టు ఎలా ఉంటుందో అచ్చం అలాగే, ఎరుపు నీలం ఆకుపచ్చ గళ్లతో తయారు చేశాడు. లెక్క చాలా తేలిక. ఆయన ఏ షిఫ్టులో ఉంటే నేనూ ఆ షిఫ్టులోనే చదువుతాను. మొదటి షిఫ్టు వారంలో ఆయనతోపాటే చీకటితో లేస్తాను. రెండో షిఫ్టు వారంలో సాయంత్రాలు గది ఖాళీ కాబట్టి అప్పుడు చదువుతాను. మూడో షిఫ్టు వారంలో ఆయన అక్కడ మిషన్లు చూసుకుంటుంటే నేనిక్కడ రాత్రంతా చదివి, పొద్దున ఆయన వచ్చేసరికి పుస్తకాలు మూసి నేనూ పడుకుంటాను. ఫిజిక్స్ మొత్తం రాత్రి షిఫ్టులోనే వేశాడు. "బరువు మిషన్లు రాత్రిపూట నడపాలె. అప్పుడు కరెంటు మంచిగుంటది" అన్నాడు. కరెంటు కోతకు 'బ్రేక్‌డౌన్' అని ఒక గడి, నల్లా నీళ్లు పట్టుకోవడానికి ఒక గడి, ఆదివారం పరీక్ష అయిపోయాక రాత్రి దాకా 'షట్‌డౌన్'. షట్‌డౌన్‌లో నన్ను చదవమని ఎవరూ అనకూడదు. అంటే వాళ్ల మీద రిపోర్టు రాస్తానని అమ్మ వైపు చూస్తూ ప్రకటించాడు.

"నేనేం గేటు కాడ సెక్యూరిటోన్నా?" అంది అమ్మ. అంది గానీ మర్నాటి నుంచి ఆ ఉద్యోగం ఆమే చేసింది. నేను పుస్తకం మీద తల వాల్చితే చాలు, "షిఫ్టుల నిద్రపోతే మెమో ఇస్తరు, లే" అని వంటింట్లోంచే కేకేసేది.

ఆ చార్టు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. తోటివాళ్లందరూ కాలేజీల్లో చేరిపోయి, నేనొక్కదాన్నే ఇంట్లో మిగిలిపోయానన్న దిగులు దాని ముందు నిలబడలేదు. నాకూ ఒక డ్యూటీ ఉంది, నాకూ ఒక షిఫ్టు ఉంది. రాత్రి షిఫ్టుకు నాన్న టిఫిన్ డబ్బాతో బయల్దేరుతూ "ఎక్కుతున్నవా?" అని అడిగేవాడు. "ఎక్కుతున్న" అనేదాన్ని. ఇద్దరం ఎవరి పనిలోకి వాళ్లం దిగేవాళ్లం.

మార్కులు పెరిగాయి. ఆ తర్వాత ఒకసారి దభీమని పడిపోయాయి. మళ్లీ పెరిగి మళ్లీ పడిపోయాయి. నాన్న మొదట పేపర్ తయారు చేసినవాళ్లను అనుమానించాడు, తర్వాత నా పెన్సిల్‌ను, ఆ తర్వాత కోచింగ్ సెంటర్‌లోని ఫ్యాన్‌ను. అసలు కారణం అమ్మ కనిపెట్టింది, అదీ నా మొహం చూసి. ఒక ఆదివారం పరీక్ష రాసి ఇంటికొచ్చాను. బస్సులో ఆడవాళ్లు నన్ను అదోలా చూస్తుంటే నా కొత్త చుడీదార్ చూస్తున్నారనుకున్నాను. అమ్మ తలుపు తీసి, నా గడ్డం పట్టుకుని మొహం పక్కకు తిప్పింది. కుడి చెంప మీద నల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి. జవాబులకు పెన్సిల్‌తో నింపిన గుండ్రాలన్నీ చెంప మీద అచ్చుపడ్డాయి.

"ఏంది, పరీక్ష రాసినవా, పేపర్ మీద పండుకున్నవా?"

"జరసేపే" అన్నాను.

"ఇది రాత్రి షిఫ్టు వారం గదా" అంది అమ్మ, నాన్న వైపు చూస్తూ. "రాత్రంత మేలుకొని పొద్దుగాల పండుకునే పిల్లకు మధ్యాహ్నం రెండున్నర అంటే అర్ధరాత్రే. ఇగ మెదడు ఏడికెళ్లి పనిచేస్తది?"

నాన్న లేచి చార్టు దగ్గరికి వెళ్లాడు. ఎంసెట్ మెడికల్ పరీక్ష కూడా మధ్యాహ్నమే. ఆకుపచ్చ గళ్లు రాత్రి షిఫ్టువి. వాటి మీద వేలు పెట్టి ఒక్కో వారం దాటుకుంటూ మే నెల దాకా వెళ్లాడు. పరీక్ష ఉన్న వారం మీద వేలు ఆగింది. అది ఆకుపచ్చగా ఉంది. ఫ్యాక్టరీలో ఇన్నేళ్లుగా ఒక్క షిఫ్టూ తప్పు వెయ్యని మనిషి, కూతురి పరీక్షను తన చేత్తోనే రాత్రి షిఫ్టులో వేశాడు. ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. కానీ జాలి కంటే భయం ఎక్కువేసింది. నాకున్నది ఒక్క ఏడాది. అది కాస్తా నేను చెంప మీద రాసుకుని ఇంటికొస్తే ఎలా?

చార్టు చింపేసి రాత్రి పడుకో, పగలు చదువుకో అనడం తేలిక. పగలు ఆ గదిలో నాన్న నిద్రపోవాలి కదా. వంటింట్లో కూర్చుంటే పోపు ఘాటుకు కెమిస్ట్రీ కన్నీళ్లుగా కారేది. నాన్న త్యాగానికి సిద్ధపడి, తర్వాతి రాత్రి షిఫ్టు వారంలో పగటి నిద్రను డాబా మీదికి మార్చాడు. నాలుగు కర్రలు నిలబెట్టి, టార్పాలిన్ కట్టి, కింద తడిపిన గోనెసంచులు పరిచాడు. ఏప్రిల్ నెల. పదిగంటలకల్లా చెమటతో ముద్దయి కిందికి దిగి, "పైన బాయిలర్ తీర్గ ఉన్నది" అని వంటింట్లో నీళ్ల కుండ పక్కనే కూలబడ్డాడు. నిద్రలేని ఫిట్టర్ మిషన్ దగ్గర నిలబడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. ఆ ప్రయోగం ఒక్క పూటతో ముగిసింది.

ఇక మిగిలిన దారి ఒకటే. రాత్రి షిఫ్టు వారంలో ఇంకొక ఫిట్టర్‌తో షిఫ్టు మార్చుకోవాలి. ఆ వారం రెండో షిఫ్టు ఎవరిదో ఆయనతోనే మార్చుకోవాలి. కష్టమంతా అక్కడే ఉంది. ఆయనతో నాన్నకు మాటల్లేవు.

ఆయన గుంటూరు వైపు మనిషి. వయసులో నాన్నకంటే పెద్ద, ఆ ఫ్యాక్టరీ సర్వీసులో నాన్నకంటే చిన్న. దసరాకు ఆయుధ పూజనాడు కంప్రెసర్ ముందు గుమ్మడికాయ కొట్టేది ఎప్పుడూ నాన్నే. ఆ ఏడు ఆయన వయసులో పెద్దవాళ్లే కొట్టాలన్నాడు. సర్వీసులో పెద్దవాళ్లు కొట్టాలని నాన్న అన్నాడు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు. హారతి వెలగకముందే గుమ్మడికాయ జారి కిందపడి, ఎవరూ కొట్టకుండానే పగిలిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాట ఆగిపోయింది. ఆయన దిగే షిఫ్టులోకే నాన్న ఎక్కాలి కాబట్టి రోజూ ఎదురుపడక తప్పదు. అయినా మిషన్ల సంగతులన్నీ మెయింటెనెన్స్ గదిలోని నల్లబోర్డు మీద సుద్దముక్కతోనే నడిచేవి. 'కంప్రెసర్ బెల్టు వదులుగా ఉన్నది. చూడవలెను' అని ఆయన రాస్తే, 'చూడబడినది' అని నాన్న రాసేవాడు. మాటల్లేని మనుషులు రాతలో మాత్రం ఎంత మర్యాదగా ఉంటారో!

నాన్న తన అభ్యర్థన కూడా బోర్డు మీదే పెట్టాడు. 'మే నెలలో రాత్రి షిఫ్టు వారం మార్పు కావలెను. కారణం: బిడ్డ పరీక్ష.' మర్నాడు దాని కింద జవాబు ఉంది. 'నోటితో అడగవలెను.'

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి, "నేనడగ! ఎట్లయితే గట్లయితది" అని నాన్న మంచం ఎక్కాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గుమ్మడికాయ కోసం నా సీటు పోవాలా అని అరిచేశాను. నాన్న మీద అంత గొంతు లేపడం నా జీవితంలో అదే మొదలు. అమ్మ మాత్రం అరవలేదు. మంచం పక్కన నిలబడి, "ఆయనేమన్న నీ కిడ్నీ అడిగిండా? మాట అడిగిండు. ఇయ్యి" అంది.

రెండ్రోజులు గడిచాయి. మూడోరోజు నాన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే కథ మొదలుపెట్టాడు. షిఫ్టు మారేవేళ ఆయన ఎదురుగా వెళ్లి నిలబడి, "అన్నా, నా బిడ్డకు పరీక్షున్నది. ఆ వారం నీ రెండో షిఫ్టు నాకియ్యి, నా రాత్రి షిఫ్టు నువ్వు తీస్కో" అన్నాడట. ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఇంతకీ అమ్మాయి ఏం చదువుతోందండీ?" అని అడిగాడట. పళ్ల డాక్టరు చదువని చెబితే, "అబ్బో, మన లైనేనన్నమాట!" అన్నాడట.

"గట్లన్నడా? మన లైన్ అన్నడా?" అని అమ్మ మళ్లీ మళ్లీ అడిగింది.

"అన్నడు. కాని ఒక షరతు వెట్టిండు. వచ్చే దసరాకు గుమ్మడికాయ ఆయనే కొడ్తడట."

"మరి నువ్వేమన్నవ్?"

"కొట్టుకో అన్న" అన్నాడు నాన్న, సొంత పొలం రాసిచ్చినవాడిలా నిట్టూర్చి. అమ్మా నేనూ పడీపడీ నవ్వాం. కాసేపటికి ఆయనకూ నవ్వాగలేదు. ఆ రాత్రే చార్టులో ఆ వారం గళ్ల మీద రెండో షిఫ్టు రంగైన నీలం కాగితం అతికించాడు. ఆ వారం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ, నేను రాత్రి పడుకుని మధ్యాహ్నం మేలుకునేలా మిగతా గళ్లన్నీ సర్దాడు.

పరీక్ష వారం వచ్చింది. నాన్న రెండో షిఫ్టులో ఉన్నాడు. ఇచ్చిపుచ్చుకున్న షిఫ్టుకు సెలవు పెట్టడం ఫ్యాక్టరీలో మర్యాద కాదు, కాబట్టి పరీక్షకు నాన్న రాలేడు. నాతో అమ్మ రావాలి. పరీక్ష పడింది ఉప్పల్‌లో ఒక కాలేజీలో. అమ్మకు అటు దారి తెలియదు, నాకూ తెలియదు, ఇద్దరికీ కంగారే. ముందురోజు షిఫ్టు అప్పగించేటప్పుడు నాన్న ఈ మాట ఆయనతో అన్నాడట.

పొద్దున పదకొండింటికి, నాన్న నాకు కొత్త రబ్బరు కొనడానికి బజారుకు వెళ్లిన వేళ, మా గుమ్మం ముందు ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "నేనండీ, రాత్రి షిఫ్టు" అన్నాడు. పేరు కూడా చెప్పలేదు, అమ్మ అడగనూ లేదు. "ఆ కాలేజీ నాకు తెలుసు. అమ్మాయిని నేను తీసుకెళ్తాను. మీరు ఇంటి దగ్గరే ఉండండి, ఎండ దంచేస్తోంది." రాత్రంతా మిషన్ల మధ్య నిలబడి వచ్చినవాడు కాస్త నడుం కూడా వాల్చలేదు. అమ్మ మజ్జిగ ఇస్తే నిలబడే తాగి, నా పెన్సిళ్లు తీసుకుని మొనలు వేలితో చూశాడు. ఒకటి నచ్చక జేబులోంచి చిన్న కత్తి తీసి మళ్లీ చెక్కి ఇచ్చాడు.

పరీక్ష బాగానే రాశాను. ఫిజిక్స్‌లో రెండు లెక్కల దగ్గర తడబడ్డాను గానీ, మిగతావి చేతికి అందాయి. ఒక్కసారి కూడా కన్ను మూతపడలేదు. బయటికొస్తే గేటు అవతల ప్రహరీ నీడలో తల్లిదండ్రులంతా దినపత్రికలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్ల మధ్య ఆయన నిటారుగా నిలబడి ఉన్నాడు. కూర్చుంటే నిద్రపట్టేస్తుందని మూడు గంటలూ కూర్చోలేదట. అందరి అమ్మానాన్నలూ పేపరెలా ఉందని అడుగుతున్నారు. ఆయన నన్ను చూడగానే అడిగింది వేరు.

"నిద్ర గానీ పట్టిందా అమ్మా?"

"లేదంకుల్."

"హమ్మయ్య. ఇక నేను పడుకుంటా" అన్నాడు.

అన్నట్టే చేశాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చోగానే తల కమ్మీకి ఆనించి గురక పెట్టాడు. ఆయన దిగాల్సింది హబ్సిగూడలో. స్టాపు వచ్చింది. ఆయన్ను లేపాలని చెయ్యి చాచాను గానీ లేపబుద్ధి కాలేదు. నా వంతు నిద్ర కూడా ఆయనే మోస్తున్నట్టుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మా స్టాపు నాచారం వచ్చాక లేపితే ఉలిక్కిపడి, "అయ్యో, మా ఇల్లు దాటిపోయిందే!" అని నవ్వుతూ దిగి, ఎదుటి వైపు బస్సు ఎక్కాడు.

ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్ రోజున నాన్నా నేనూ పొద్దున్నే వెళ్లాం. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం కావచ్చింది. కంప్యూటర్ ముందున్నాయన ఊరి బయట ఒక డెంటల్ కాలేజీ పేరు చదివి, తీసుకుంటారా అని అడిగాడు. తీసుకోకపోవడమేమిటి, నాన్న నాకంటే ముందే తలూపేశాడు. ఆ వారం ఆయనది రెండో షిఫ్టు, మొదటి షిఫ్టులో ఉన్నది మా అంకులే. ఎక్కేవాడు రాకుండా ఉన్నవాడు దిగకూడదు. అందుకని నాన్న బయట ఫోన్ బూత్‌లోంచి ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, "అన్నా, సీటొచ్చింది. జర లేటయితది, ఆగు" అని చెప్పాడు. దారిలో పెద్ద మిఠాయి డబ్బా కొని, నన్ను బస్సెక్కించి, డబ్బాతో డ్యూటీకి పోయాడు.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతుంటే చూశాను. ఆ డబ్బా కట్టిన దారం కూడా విప్పకుండా మా గూట్లోనే ఉంది.

"ఇదేంది, పంచలేదా?" అంది అమ్మ.

"ఎవనికి పంచాలె?" అని నాన్న విసుక్కున్నాడు. విసుగేమో గానీ మొహమంతా వెలిగిపోతోంది. "నేను పోయేసరికే గేటు కాడి సెక్యూరిటోని నుంచి మేనేజర్ దాక అందరి నోట్ల లడ్డూలున్నయి. నేను ఫోన్ పెట్టంగనే ఆయన మనిషిని పంపి తెప్పిచ్చి పంచిండట. నేను లోపలికి పోంగనే నా చేతిలో గూడ ఒకటి పెట్టిండు."

"నీకు పెట్టుడేంది?"

"గదే నేనడిగిన. 'తీసుకోండి, మనమ్మాయికి సీటొచ్చింది' అన్నడు."